బొమ్మ విమానానికి వాట్లు ఎక్కడ లెక్కపెట్టాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ విద్యార్థి పేజీలో మోడల్ విమానం తయారీ మీద వచ్చిన వ్యాసం చదివాను. థర్మోకోల్ షీటు కోయడం, రెక్కకు వంపు తేవడం, బరువును ముందుకు సర్దడం, అన్నీ చక్కగా రాశారు. మోటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. విమానం కిలో బరువుకు 220 వాట్లు ఉంటే పల్టీలు కూడా కొడుతుందని. ఆ వాక్యాన్ని నమ్ముకుని మా ఊళ్లో పిల్లలు ఒక మోటారు కాల్చేశారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఇందులో లెక్కలు ఉన్నాయి, లెక్కలు లేకుండా ఈ విషయం చెప్పడం కుదరదు.

నేను సునాబెడా విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో టెస్ట్ బెడ్ మీద, అంటే ఇంజన్‌ను బిగించి నడిపి పరీక్షించే చోట, పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పక్కనే సెమిలిగుడలో ఉంటున్నాం. మా తాతలది సాలూరు వైపు. ఇక్కడ మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు బళ్లో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు. తెలుగు చదవడం మాత్రం ఇంట్లో పేపరు చూసి నేర్చుకుంటారు. ఘాట్ రోడ్డెక్కి వచ్చే మీ పేపరే వాళ్లకు తెలుగు వాచకం, సైన్సు పుస్తకం కూడా. మీరు రాసింది వాళ్లు అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. ఈ సంగతి మీ డెస్కులో వాళ్లకు తెలిస్తే ఆ పేజీని ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తారని నా ఆశ.

జరిగింది ఇది. మా వీధిలో ముగ్గురు పిల్లలు కలిసి మీటరు పొడవు రెక్కతో విమానం చేశారు. బ్యాటరీతో కలిపి 550 గ్రాములు తూగింది. మోటారు బొమ్మల్లో వాడే 380 సైజు డబ్బా మోటారు, బ్రష్షులున్నది, అంటే లోపల తిరిగే తీగచుట్టకు ఒరుసుకుంటూ కరెంటు అందించే ముక్కలున్నది. దాంతోపాటు ప్లాస్టిక్ గేరు పెట్టె, 9×6 ప్రొపెల్లర్ సెట్టుగా కొన్నారు. అంటే 9 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ అన్నమాట. ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే మరమేకులాగా ఎంత ముందుకు జరగాలో అదే పిచ్. అమ్మిన షాపులో ఎవరో ‘గేరు పవర్ తినేస్తుంది, తీసేసి డైరెక్టుగా బిగించండి’ అని సలహా ఇచ్చారట. పిల్లలు అలాగే బిగించారు. వాట్ మీటరు పెట్టి చూస్తే 126 చూపించింది. 550 గ్రాములకు 126 వాట్లంటే కిలోకు 229. మీ వ్యాసం చెప్పిన 220 దాటింది కదా అని కేకలు వేశారు. కాసేపటికే మోటారులోంచి పొగ వచ్చింది. విమానం నేల వదలకముందే మోటారు కాలిపోయింది.

వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ మోటారును నా దగ్గరికి పట్టుకొచ్చింది. ‘తాతగారూ, వాట్లు సరిపోయాయి కదా, ఎందుకు ఎగరలేదు?’ అని అడిగింది. ఇది చాలా మంచి ప్రశ్న. సమాధానం మీ పేజీలో రావాల్సింది. రాలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

వాట్ మీటరు బ్యాటరీకీ మోటారుకీ మధ్యన ఉంటుంది. అది చూపించేది బ్యాటరీ ఇచ్చిన పవర్‌ని, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించిన సంఖ్యని. అందులో ప్రొపెల్లర్ దాకా ఎంత చేరిందో మీటరుకు తెలియదు. మిగిలినదంతా మోటారు వేడి. విమానాన్ని లాగేది ప్రొపెల్లర్‌కు చేరిన వాట్లు మాత్రమే. టెస్ట్ బెడ్ మీద మేం ఇంజన్ ఎంత ఇంధనం తాగిందో ఒక కాలమ్‌లో, ఎంత తోసిందో మరో కాలమ్‌లో రాసేవాళ్లం. తాగింది ఎక్కువని ఇంజన్ గొప్పదని ఎవరూ అనుకోలేదు.

ప్రొపెల్లర్‌కు ఎంత చేరిందో తెలుసుకోవాలంటే మోటారు గురించి మూడు సంఖ్యలు కావాలి. మొదటిది కేవీ, అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో. రెండోది లోపలి తీగ, బ్రష్షుల నిరోధం. మూడోది ఏ బరువూ లేకుండా ఊరికే తిరగడానికి తాగే కరెంటు. ఈ మూడూ ఇంట్లో కొలవచ్చు. మోటారు షాఫ్టును హ్యాండ్ డ్రిల్లుకు బిగించి తిప్పాలి, మోటారు వైర్ల మీద మల్టీమీటరు పెట్టాలి. డ్రిల్లు 2800 చుట్లు తిరుగుతున్నప్పుడు మీటరు 0.97 వోల్టులు చూపిస్తే కేవీ 2900కు దగ్గర. చుట్లు కొలవడానికి టాకోమీటరు ఉండాలి, డ్రిల్లు మీద రాసిన సంఖ్యను నమ్మకూడదు. నిరోధం చాలా తక్కువ కాబట్టి మల్టీమీటరు ఓమ్స్ మీద పెడితే సరిగ్గా రాదు. షాఫ్టు కదలకుండా పట్టుకుని, ఒక్క క్షణం 2 ఆంపియర్లు పంపి, వోల్టులు చూడాలి. 0.6 వస్తే నిరోధం 0.3 ఓమ్స్. ఆ అమ్మాయి తెచ్చిన మోటారుకు జంట మోటారు ఒకటి నా డబ్బాలో ఉంది. దానికి ఈ సంఖ్యలే వచ్చాయి: 2900, 0.3, ఊరికే తిరిగే కరెంటు 0.7 ఆంపియర్లు.

ఇక లెక్క. బ్యాటరీ 7.2 వోల్టులు ఇస్తోందనుకుందాం. కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చే వోల్టులు లోపలే వేడిగా పోతాయి. మిగిలిన వోల్టులే మోటారును తిప్పుతాయి. అలాగే కరెంటులో 0.7 ఆంపియర్లు మోటారు తనను తాను తిప్పుకోవడానికే పోతాయి. మిగిలిన వోల్టులను మిగిలిన ఆంపియర్లతో గుణిస్తే షాఫ్టు మీద అందే వాట్లు వస్తాయి.

పిల్లల మోటారు 17.5 ఆంపియర్లు తాగింది. దాన్ని 0.3తో గుణిస్తే 5.25 వోల్టులు. 7.2లోంచి అది తీసేస్తే మిగిలింది 1.95 వోల్టులే. ఆంపియర్లలో 0.7 తీసేస్తే 16.8. రెండూ గుణిస్తే 33 వాట్లు. బ్యాటరీ ఇచ్చింది 126, ప్రొపెల్లర్‌కు చేరింది 33, మోటారులో వేడిగా మిగిలింది 93. ఆ మోటారు బరువు 70 గ్రాముల చిల్లర. అంత చిన్న వస్తువులో 93 వాట్ల వేడి పుడితే పొగ రాక ఏం చేస్తుంది?

అదే మోటారుకు, అదే 9×6 ప్రొపెల్లర్‌కు మధ్యలో 3:1 గేరు పెడితే ఏమవుతుందో చూడండి. మోటారు షాఫ్టుకు ఉండే చిన్న పళ్ల చక్రానికి, అంటే పినియన్‌కు, 12 పళ్లు, పెద్ద చక్రానికి 36 పళ్లు. మోటారు మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. కరెంటు 6.1 ఆంపియర్లకు దిగుతుంది. బ్యాటరీ ఇచ్చేది 44 వాట్లు. మోటారు షాఫ్టు మీద 29. గేర్లలో వందకు 5 పోయినా ప్రొపెల్లర్‌కు 27 పైనే చేరుతుంది. వేడి 15 వాట్లు. 126 వాట్లు తాగి 33 ఇచ్చిన చోట, 44 తాగి 27 ఇస్తోంది. ‘గేరు పవర్ తినేస్తుంది’ అన్నవాళ్లు ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడాలి. గేరు తిన్నది ఒకటిన్నర వాటు. గేరు తీసేస్తే మోటారు తిన్నది 93 వాట్లు.

ఇలా ఎందుకవుతుందంటే, చిన్న మోటారు వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది, పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే బాగా లాగుతుంది. సాలూరు ఘాట్ ఎక్కే బస్సును చూడండి. డ్రైవరు కింది గేర్లో వేస్తాడు. ఇంజన్ హోరుగా తిరుగుతుంది, చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, బండి ఎక్కుతుంది. టాప్ గేర్లో ఎక్కించాలని చూస్తే ఇంజన్ గింజుకుని ఆగిపోతుంది. గేరు లేకుండా 9×6 బిగించిన మోటారు పరిస్థితి అదే.

ఈ సంగతి మొట్టమొదట గాల్లోకి లేచినవాళ్లకే తెలుసు. రైట్ సోదరుల 1903 విమానంలో ఇంజన్ 12 హార్స్ పవర్‌ది, నిమిషానికి వెయ్యి చుట్ల చిల్లర తిరిగేది. ప్రొపెల్లర్లు ఎనిమిదిన్నర అడుగులవి. వాటిని 350 చుట్ల దగ్గర తిప్పారు. ఇంజన్ వైపు 8 పళ్లు, ప్రొపెల్లర్ వైపు 23 పళ్లు, మధ్యలో గొలుసు. దాదాపు మన 3:1కు దగ్గరే. సైకిళ్లు బాగుచేసిన చేతులు కాబట్టి వాళ్లకు గొలుసు కొత్త కాదు. అంత తక్కువ పవర్‌తో మనిషిని లేపగలిగారంటే అందులో ఆ గొలుసు పాత్ర చాలా ఉంది. మా ఇంటికొచ్చే పిల్లలకు ఈ ముక్క చెబితే చాలు, గేరు పెట్టె మీద గౌరవం వస్తుంది.

చిన్న ప్రొపెల్లర్‌ను గేరు లేకుండా తిప్పకూడదా అని మీ పాఠకులు అడగొచ్చు. తిప్పొచ్చు. ఇదే మోటారుకు 6×3 డైరెక్టుగా బిగిస్తే నిమిషానికి 12,500 చుట్లు తిరిగి, 9.6 ఆంపియర్లు తాగుతుంది. బ్యాటరీ నుంచి 69 వాట్లు, ప్రొపెల్లర్‌కు 38. చూడ్డానికి 27 కన్నా 38 ఎక్కువే. కానీ నేల మీద నిలబెట్టి లాగుడు చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. కారణం ప్రొపెల్లర్ వ్యాసం. పెద్ద ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని పట్టుకుని మెల్లగా వెనక్కి నెడుతుంది. చిన్నది కొద్ది గాలిని పట్టుకుని వేగంగా విసురుతుంది. కొద్ది గాలిని వేగంగా విసరడానికి పవర్ ఎక్కువ ఖర్చవుతుంది. అదే లాగుడుకు ఒకటి 69 వాట్లు తాగితే మరొకటి 44తో సరిపెట్టుకుంటుంది. 1000 ఎంఏహెచ్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియరు చొప్పున గంటసేపు ఇచ్చేది, దాని మీద నిండు థ్రాటిల్‌తో ఒకటి ఆరు నిమిషాలు తిరిగితే మరొకటి తొమ్మిది దాటుతుంది. వేగంగా దూసుకుపోయే విమానానికి 6×3 మంచిది, కాదనను. అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు నెమ్మదిగా పోయేదే కావాలి.

ప్రొపెల్లర్ ఎన్ని వాట్లు అడుగుతుందో ముందే కాగితం మీద వేసుకునే దారి కూడా ఉంది. మోడలర్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. ప్రొపెల్లర్ వ్యాసాన్ని అడుగుల్లోకి మార్చి, నాలుగో ఘాతం కట్టాలి. దాన్ని అడుగుల్లోని పిచ్‌తో గుణించాలి. చుట్లను వేలల్లో తీసుకుని మూడో ఘాతం కట్టి దానితో గుణించాలి. చివర 1.25తో గుణిస్తే వాట్లు వస్తాయి. 9×6 అంటే 0.75 అడుగుల వ్యాసం, నాలుగో ఘాతం 0.316. పిచ్ అర అడుగు, కాబట్టి 0.158. నిమిషానికి 5200 చుట్లయితే 5.2 మూడో ఘాతం దాదాపు 140. గుణిస్తే 22, దాన్ని 1.25తో గుణిస్తే 27 పైచిలుకు. పైన మోటారు వైపు నుంచి వేసిన లెక్కతో కలిసింది చూడండి. రెండు వైపుల నుంచీ వేసి, రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడే ఆ మోటారు, గేరు, ప్రొపెల్లర్ నిలబడతాయి. 1.25 అన్నది ప్రొపెల్లర్ ఆకారాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది. సన్నని ప్రొపెల్లర్‌కు తక్కువ, మందపాటి చెక్కదానికి ఎక్కువ.

ఈ లెక్కలో పిల్లలు గమనించాల్సింది ఆ ఘాతాలనే. చుట్లు వందకు 10 పెరిగితే ప్రొపెల్లర్ అడిగే పవర్ వందకు 33 పెరుగుతుంది. ఒక అంగుళం పెద్ద ప్రొపెల్లర్ వేస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. 9 నుంచి 10కి పోతే, అవే చుట్ల దగ్గర పవర్ ఒకటిన్నర రెట్లు అవుతుంది. మోటార్లు కాలేది ఎక్కువగా ఇక్కడే.

పవర్ ఒక్కటే చాలదు, వేగం కూడా చూడాలి. పిచ్‌ను చుట్లతో గుణిస్తే ప్రొపెల్లర్ ఎంత వేగంగా ముందుకు పోగలదో తెలుస్తుంది. ఆరు అంగుళాల పిచ్, 5200 చుట్లు అంటే సెకనుకు 13 మీటర్లు, గంటకు 47 కిలోమీటర్లు. పిల్లల విమానం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే అంతకన్నా తగ్గితే రెక్క మోయలేక ముక్కు వాలుస్తుంది. పిచ్ వేగం దానికి రెట్టింపుకు దగ్గరగా ఉంటే నింపాదిగా తిరగడానికి చాలు. గేరు మరీ ఎక్కువ వేసి, 5:1, 6:1 పెట్టి, పిచ్ తక్కువ ప్రొపెల్లర్ బిగిస్తే నేల మీద బాగా లాగుతుంది, గాల్లో ముందుకు పోదు. కాబట్టి గేరు ఎక్కువైతే మంచిదే అని కూడా రాయొద్దు.

మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. మేం సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం. ఇక్కడి గాలి విజయనగరం గాలి కన్నా వందకు 8 పలచన. పైన 6.1 ఆంపియర్లు అన్నాను, అది మైదానం లెక్క. మా దగ్గర అదే గేరు, అదే ప్రొపెల్లర్‌కు మీటరు 5.8 చూపించింది. పిల్లలు మీటరు పాడైందనుకున్నారు. మీటరు బాగానే ఉంది. పలచని గాలిని తిప్పడం తేలిక, కాబట్టి కరెంటు తగ్గింది. లాగుడు కూడా వందకు 5 దాకా తగ్గింది. స్టాల్ వేగం మాత్రం కొంచెం పెరిగింది. అంటే కొండ మీద తక్కువ లాగుడుతో ఎక్కువ వేగం అందుకోవాలి. కొరాపుట్‌లోనో అరకులోనో మీ వ్యాసం చూసి విమానం చేసే పిల్లలకు ఇది తెలియాలి. మే నెల మధ్యాహ్నం ఇంకా పలచన. అందుకే చోడి పంట కోసేసిన మళ్లలో, చలికాలం పొద్దున్నే, గాలి లేవకముందు ఎగరేయమంటాను.

ఇప్పుడు మార్కెట్‌లో బయటి డబ్బా తిరిగే బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి, గేరెందుకు అని కొందరంటారు. నిజమే, డబ్బు పెట్టగలిగితే అవే మేలు. వెయ్యి కేవీ బ్రష్‌లెస్ మోటారు అంటే ఏమిటి? మన 2900 కేవీ మోటారుకు 3:1 గేరు పెడితే వచ్చేది కూడా ఇంచుమించు వెయ్యే. లెక్క మారదు, పళ్ల చక్రాలు మాత్రం ఉండవు. కానీ మా దగ్గర పిల్లలకు దొరికేవి పాత బొమ్మల్లోంచి, పాడైన ప్రింటర్లలోంచి తీసిన మోటార్లు. వాటితోనే నేర్చుకుంటారు. గేరు బిగించేటప్పుడు పినియన్‌కూ పెద్ద చక్రానికీ మధ్య పలచని కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత తిప్పి కాగితం తీసేస్తే సరిపడా సందు మిగులుతుంది. మరీ బిగిస్తే పళ్లు అరుగుతాయి, వదులైతే విరుగుతాయి. ఒక జత చక్రాలు పెడితే తిరిగే దిశ తారుమారవుతుంది కాబట్టి మోటారు వైర్లు మార్చాలి. ఇంతే.

బ్యాటరీ గురించి తల్లులకు ఉండే టెన్షన్ న్యాయమైనదే. ఆ అమ్మాయి వాళ్లమ్మ ‘ఇంట్లో పెట్టనివ్వను బాబాయ్’ అంది. లిథియం పాలిమర్ బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి బయటికి పోకూడదు, ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగనివ్వకూడదు, ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదు. 17 ఆంపియర్ల బదులు 6 తాగితే బ్యాటరీ కూడా చల్లగా ఉంటుందని ఆమెకు చేత్తో తాకించి చూపించాక ఒప్పుకుంది. ఎండ తగలని అరుగు మీద, ఇసుక పోసిన కుండలో పెట్టించాం.

కిలోకు ఇన్ని వాట్లు అనే లెక్కను పూర్తిగా కొట్టెయ్యమనను. నిదానంగా తిరిగే విమానానికి కిలోకు 110, పల్టీలకు 220 అని మోడలర్లు చెప్పేవి బ్యాటరీ దగ్గరి వాట్లే. మోటారు, గేరు, ప్రొపెల్లర్ ఒకదానికొకటి సరిపడా ఉన్నప్పుడే ఆ లెక్క నిలబడుతుంది. గేరు మళ్లీ పెట్టి, కొత్త మోటారు వేశాక పిల్లల విమానానికి బ్యాటరీ దగ్గర కిలోకు 80 వాట్లు కూడా లేవు. ఆ సూత్రం ప్రకారం అది ఎగరకూడదు. కానీ ప్రొపెల్లర్ దగ్గర కిలోకు 50 వాట్లకు దగ్గరగా ఉన్నాయి. చేతిలోంచి వదలగానే ఎక్కింది, గుండ్రంగా తిరిగి మడిలోనే దిగింది. పల్టీలు కొట్టదు, ఆ వయసు పిల్లలకు అక్కర్లేదు.

మీకు నా విన్నపం ఇది. విద్యార్థి పేజీలో విమానం గురించి ఈసారి రాసినప్పుడు మోటారు వాట్లు ఒక్కటే రాయకండి. వోల్టులు, కేవీ, గేరు ఎంతకు ఎంత, ప్రొపెల్లర్ కొలత, తాగే కరెంటు, ఈ ఐదూ కలిపి రాయండి. డ్రిల్లుతో కేవీ కొలిచే పద్ధతికి ఒక బొమ్మ వేయించి అర పేజీ ఇవ్వండి. సైన్సు ప్రదర్శనల్లో మార్కులు వేసే మాస్టార్లకు కూడా ఒక మాట. విమానం ఎంత పెద్దది, ఎంత మెరుస్తోంది అని కాకుండా, బ్యాటరీ ఎంత ఇచ్చింది, ప్రొపెల్లర్‌కు ఎంత చేరింది అని పిల్లల్ని అడగండి. చెప్పగలిగినవాళ్లు తొమ్మిదో తరగతిలోనే ఉన్నారు.

2:1 నుంచి 4:1 వరకు, 7 నుంచి 10 అంగుళాల ప్రొపెల్లర్లకు ఈ డబ్బా మోటారు ఎంత తాగుతుందో ఆ అమ్మాయి తెలుగులో పట్టిక వేసింది. అంకెలన్నీ నేను సరిచూశాను. మైదానానికి ఒక వరస, కొండకు ఒక వరస ఉన్నాయి. ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. చోటుంటే ఆమె చేతిరాతలోనే వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ టెస్ట్ బెడ్ టెక్నీషియన్,
సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా